హాలుకు చార్‌కోల్ రంగు: డబ్బా కొనేముందు గోడ సంగతి చూడండి

ప్రశ్న: నల్లగొండలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. ప్లాస్టరింగ్ అయి రెండు నెలలు దాటింది, లప్పం ఇంకా పెట్టలేదు. హాలు 12 బై 16 అడుగులు, ఎత్తు 10 అడుగులు. తూర్పున గుమ్మం, పక్కన ఒక కిటికీ. పడమటి గోడకు (12 అడుగులది) టీవీ పెడతాం, దాని వెనక బెడ్‌రూం. దక్షిణం గోడ అవతల బాత్‌రూం. నాలుగు గోడలకూ చార్‌కోల్ (బొగ్గు రంగు) వేయిద్దామని మా ఆయన పట్టు. ఇంట్లో నల్లరంగు ఏంటని మా అత్తమ్మ అలిగారు. హాలు చిన్నగా కనిపిస్తుందా? ఎండాకాలం వేడెక్కుతుందా? దుమ్ము కనిపిస్తుందా?

సమాధానం:

చెల్లెమ్మా, ముందు తీర్పు చెప్పేసి కారణాలు తర్వాత చెబుతాను. టీవీ గోడ ఒక్కదానికి వేయించండి. మిగతా గోడలు తెలుపులోనో, మీగడ రంగులోనో ఉంచండి. దక్షిణం గోడకు మాత్రం ఈ ఏడాది ముదురు రంగు ఆలోచనే పెట్టుకోకండి. ఇరవై ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పదేళ్లు నేనే బ్రష్ పట్టాను, తర్వాత నుంచి పని పట్టి చేయిస్తున్నాను. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో ముదురు గోడలు చాలానే చేశాం. బాగా కుదిరినవీ ఉన్నాయి, మా డబ్బులతో మళ్లీ వేసిచ్చినవీ ఉన్నాయి. ఒకటి మా ఇంట్లోనే చెడింది, ఆ కథ కూడా చెబుతాను.

నలుపు అన్నిటినీ దాచేస్తుందని జనం అనుకుంటారు. బట్టల విషయంలో నిజమే కావచ్చు. గోడ మీద మాత్రం ముదురు రంగు ఉన్నవన్నీ బయట పెడుతుంది. లప్పం సరిగా రుద్దకపోతే తెలుస్తుంది, చెమ్మ ఉంటే తెలుస్తుంది, పెయింటర్ మధ్యలో చాయ్ తాగడానికి వెళ్తే అది కూడా తెలుస్తుంది. అందుకే ఏ షేడ్ కొనాలి అన్న ప్రశ్న ఆఖరున వస్తుంది. గోడ మొదట, వెలుగు తర్వాత.

గోడలో మన ప్రాంతానికి అసలు శత్రువు ఉప్పు. ఇక్కడ చాలా ఇళ్లు బోరు నీళ్లతోనే కడతారు, క్యూరింగ్ (కట్టాక గోడను తడపడం) కూడా వాటితోనే. ఆ నీళ్లలో, ఇసుకలో, ఇటుకలో, సిమెంటులో కరిగే ఉప్పులు ఉంటాయి. గోడ లోపల తేమ ఉన్నంతకాలం అవి కరిగే ఉంటాయి. తేమ గోడ పైకి వచ్చి ఆరిపోయినప్పుడు ఉప్పు మాత్రం పైన మిగిలిపోతుంది. తెల్లటి పొడిలా, కొన్నిచోట్ల దూదిలా తేలుతుంది. మన జిల్లా పేరు చెప్పగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కాబట్టి గోడ మీద తేలేది కూడా ఫ్లోరైడే అనుకునేవాళ్లు చాలామంది. అది వేరే సంగతి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదం అంటారు, అంత చిన్న లెక్క దానిది. గోడ మీద కనిపించేవి సల్ఫేట్లు, కార్బనేట్ల వంటి మామూలు ఉప్పులు. గట్టి నీళ్లలో ఇవి లీటరుకు వందల మిల్లీగ్రాముల్లో ఉంటాయి.

తెల్ల గోడ మీద ఈ ఉప్పు తేలితే ఏడాది దాకా మీరు గమనించరు. చార్‌కోల్ మీద వారంలో కనిపిస్తుంది.

మా ఇంటి కథ ఇదే. 2011లో మా హాల్లో బాత్‌రూం ఆనుకున్న గోడకు దసరా ముందు చార్‌కోల్ వేశాను. ఊరందరికీ చేసేవాణ్ని, మన ఇంట్లో లేకపోతే ఎట్లా అని. రెండు నెలలు వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాను. సంక్రాంతికి స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) పైన జానెడు ఎత్తులో తెల్లటి గీత మొదలైంది. తడిగుడ్డతో తుడిస్తే మాయమైపోయింది, సమస్య తీరిందనుకున్నాను. ఆరగానే మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకో జానెడు పైకి. అప్పటికిగాని బుర్ర పనిచేయలేదు. తడి తగిలితే ఉప్పు కరిగి లోపలికి పోతుంది, ఆరితే తిరిగొస్తుంది. అంటే నేను తుడుస్తున్నప్పుడల్లా గోడకు ఇంకాసిన్ని నీళ్లు తాగిస్తున్నానన్నమాట. చివరికి గీజర్ పైపు జాయింటు దగ్గర చుక్క చుక్కగా కారుతోందని తేలింది. ఇది ఎదురింటాయన ఇంట్లో జరిగి ఉంటే పది నిమిషాల్లో కనిపెట్టేవాణ్ని. మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలొస్తే ఆ గోడ కథ చెప్పిస్తుంది.

మీ దక్షిణం గోడకు వద్దన్నది అందుకే. కొత్త ఇల్లు, బాత్‌రూం వాడకం ఇంకా మొదలుకాలేదు. ఏ జాయింటు కారుతుందో, టైల్స్ సందుల్లోంచి నీళ్లు ఎటు దిగుతాయో ఒక వానాకాలం, ఒక చలికాలం గడిస్తేగాని తెలియదు. హాలువైపు నుంచి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొట్టేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నీళ్లు వచ్చే వైపు మూయకుండా ఇటువైపు మూస్తే ఆ తేమ పక్కకో పైకో దారి వెతుక్కుంటుంది.

టీవీ గోడకు కూడా ముందు ఒక పరీక్ష చేయండి. అడుగున్నర పొడవూ వెడల్పూ ఉన్న పారదర్శకమైన పాలిథిన్ కవరు ముక్క తీసుకుని, నేలకు అడుగు ఎత్తులో గోడకు ఆనించి నాలుగువైపులా టేపు గట్టిగా అతికించండి. గాలి దూరకూడదు. రెండు రోజులు వదిలేయండి. తీసేటప్పుడు కవరు లోపలివైపు, అంటే గోడవైపు, చెమట పట్టినట్టు ఉంటే గోడ ఇంకా ఆరలేదు. బయటివైపు తడి ఉంటే అది గదిలో గాలి తేమ, దానికి భయం లేదు. గోడ మధ్యలో ఒకటి, కింద ఒకటి పెడితే ఇంకా మంచిది. ప్లాస్టరింగ్‌కు కనీసం 28 రోజులు అని అందరూ చెబుతారు, మీకు రెండు నెలలు దాటింది. కానీ ఆ రెండు నెలలూ వానల్లో గడిచాయా, ఎండల్లో గడిచాయా అన్నది ముఖ్యం. క్యాలెండర్ కన్నా కవరు ముక్కనే నేను ఎక్కువ నమ్ముతాను.

ఎక్కడైనా ఇప్పటికే తెల్ల పొడి ఉంటే పొడి బ్రష్‌తో దులిపి, ఆ పొడి ఊడ్చి బయట పారేయండి. కడగొద్దు.

ఇక లప్పం. ఈ గోడ అందం సగం ఇక్కడే ఉంది, నేను అందరికన్నా ఎక్కువ గొడవపడేదీ ఇక్కడే. మామూలు తెల్ల గోడకు రెండు కోట్లు లప్పం పెట్టి, ఒకసారి ఎమరీ పేపర్ కొడితే కన్ను పట్టుకోదు. చార్‌కోల్‌కు అలా కుదరదు. రెండు కోట్ల తర్వాత 180 నంబరు పేపర్‌తో, చివర 320తో రుద్దించండి. తర్వాత రాత్రి అయ్యేదాకా ఆగి, లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ టార్చిని గోడకు చెంప ఆనించినట్టు పక్కగా పట్టుకుని గోడంతా నడపండి. ఎదురుగా నిలబడి వేస్తే ఏమీ కనిపించదు, పక్కనుంచి వేస్తేనే అలలు, గుంతలు, పట్టీ గీతలు నీడలతో సహా లేస్తాయి. కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టండి. మొదటిసారి చేసినప్పుడు గోడ నిండా సున్నాలే ఉంటాయి, కంగారు పడకండి. తెల్లారి పెయింటర్‌కు చూపిస్తే ‘కోటు పడితే అన్నీ కవరైపోతాయి అక్కా’ అంటాడు. కవరు కావు. సరిచేయించుకుని ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టాక మళ్లీ ఒక రాత్రి టార్చి వేయండి.

ప్రైమర్ తెల్లగా వదలొద్దు. మామూలు నీళ్ల ప్రైమర్‌లోనే నల్ల స్టెయినర్ (రంగు మార్చడానికి కలిపే చిక్కటి రంగు) కాస్త కలిపి మధ్యస్థమైన బూడిద రంగుకు తెప్పించండి. దీనివల్ల పైన చార్‌కోల్ సమంగా కూర్చుంటుంది. రెండో లాభం ఇంకా పెద్దది. రేపు కుర్చీ వీపు తగిలో, పిల్లలు స్కేలుతో గీరో పైపొర లేస్తే లోపల తెల్లగా కనిపించదు, బూడిద రంగే కనిపిస్తుంది. ఇంత చిన్న పనికి ఎందుకో చాలామంది బద్ధకిస్తారు.

రంగు లెక్క చూద్దాం. మీ టీవీ గోడ 12 బై 10, అంటే 120 చదరపు అడుగులు. మంచి ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లు యాభై, అరవై చదరపు అడుగులు వస్తుంది. రెండు కోట్లకు రెండున్నర లీటర్లలోపే సరిపోతుంది. అయినా నాలుగు లీటర్ల డబ్బా ఒక్కసారే కలిపించండి, మూడో కోటు అవసరం పడొచ్చు, టచప్‌కూ మిగులుతుంది. లీటరు డబ్బాలు విడివిడిగా కొనకండి. ఒకసారి మిర్యాలగూడలో ఒక ఇంటికి మూడు లీటర్లు ఒక రోజు, తక్కువపడిందని ఇంకో లీటరు నాలుగు రోజుల తర్వాత తెచ్చాం. అదే షాపు, అదే కోడ్ నంబరు. గోడకు కుడిమూల మాత్రం వేరే ఇంటి గోడలా నిలబడింది. ముదురు షేడ్‌లో రంగు పాళ్లు ఎక్కువ, మెషీన్‌లో ఒక చుక్క తేడా పడినా కన్ను పట్టేస్తుంది. తప్పనిసరిగా రెండు డబ్బాలు వాడాల్సి వస్తే పెద్ద బకెట్‌లో రెంటినీ కలిపి అప్పుడు మొదలుపెట్టాలి.

నీళ్లు కలపడం దగ్గర కూడా ఒక కన్ను వేసి ఉంచండి. డబ్బా మీద రాసిన కొలత మించి పోస్తే ముదురు రంగు పలచబడి చారలు పడుతుంది. కోటుకూ కోటుకూ మధ్య రాత్రంతా ఆరనివ్వండి, వానల్లో అయితే ఇంకా ఎక్కువ. గోడ పని మొదలుపెడితే ఆ మూల నుంచి ఈ మూల దాకా ఆపకుండా అయిపోవాలి. సగం కొట్టి భోజనానికి వెళ్తే ఆ అంచు ఆరిపోయి, తర్వాత దాని మీద పడిన కోటు నిలువు గీతలా మిగిలిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం మన దగ్గర రోలర్ మీదే రంగు ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపి, పొద్దున ఆరు గంటలకు మొదలుపెట్టించండి. బ్రష్‌తో అంచులు కట్ చేసి వెంటనే, తడి ఉండగానే, రోలర్‌ను ఆ అంచుకు వీలైనంత దగ్గరగా తీసుకెళ్లమనండి. లేకపోతే గోడ చుట్టూ ఫోటో ఫ్రేమ్ కట్టినట్టు ఒక పట్టీ కనిపిస్తుంది.

ఫినిష్ మ్యాట్, అంటే మెరవనిది, తీసుకోండి. షాపువాళ్లు షీన్ (మెరుపు) ఉన్నది చూపిస్తారు, తుడుచుకోవచ్చని. నిజమే, కానీ మీ టీవీ గోడకు ఎదురుగానే తూర్పు గుమ్మం, కిటికీ ఉన్నాయి. షీన్ ఉంటే పొద్దున్నే ఆ వెలుగు గోడలో మెరిసి గోడ వంకరలన్నీ చూపిస్తుంది. మ్యాట్‌కు ఉన్న జబ్బు వేరు: గట్టిగా రుద్దితే రుద్దినచోట నునుపెక్కి మెరుస్తుంది, ఇక ఆ మెరుపు పోదు. కాబట్టి పొడి మెత్తటి గుడ్డతో దులపాలి, రుద్దకూడదు. కొబ్బరినూనె తల ఆనించే గోడకు ఇది పనికిరాదు. సోఫా వెనక గోడకు వద్దని అందరికీ చెప్పేది అందుకే. మీ సోఫా టీవీకి ఎదురు గోడవైపు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

షేడ్ ఎంచుకోవడం గురించి. మన ఊరి పేరులోనే నల్ల కొండ ఉంది కదా, ఆ కొండనే చూడండి. పొద్దున నీలి ఛాయ, మిట్టమధ్యాహ్నం బూడిద, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే గోధుమ రంగు. చార్‌కోల్ కూడా అంతే. షేడ్ కార్డులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, గోడ మీదకొచ్చాక ఒకటి నీలం కొడుతుంది, ఒకటి ఆకుపచ్చ, ఇంకొకటి వంకాయ రంగు. మూడు షేడ్లు లీటరు శాంపిళ్లు తెచ్చి, పెద్ద డ్రాయింగ్ షీట్లకు రెండేసి కోట్లు కొట్టి, టీవీ గోడకు అతికించి రెండు రోజులు చూడండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మీ లైటు వెలుగులో. తెల్ల గోడ మీద చిన్న ముక్క అతికిస్తే ఉన్నదానికన్నా నల్లగా అనిపిస్తుంది, షీటు ఎంత పెద్దదైతే అంత నిజం చెబుతుంది.

నేల కూడా చూసుకోవాలి. తాండూరు బండలు పరిచిన ఇళ్లలో ఈ రంగు ఎంత బాగా కుదురుతుందో. బూడిద నీలి బండకు చార్‌కోల్ సొంత అన్నలా ఉంటుంది. మీగడ పసుపు విట్రిఫైడ్ టైల్స్ వేసినట్టయితే నీలం కొట్టే చార్‌కోల్ వద్దు, గోధుమ ఛాయ ఉన్నది తీసుకోండి. టేకు తలుపు చౌకట్టు ఉంటే దాన్ని పాలిష్‌లోనే ఉంచండి, చార్‌కోల్ పక్కన టేకు వెలిగిపోతుంది. చౌకట్టుకు కూడా గ్రే కొడదామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి.

హాలు చిన్నగా కనిపిస్తుందా అన్నారు. దీనికి జవాబు వెలుగు లెక్కలో ఉంది. మంచి తెల్ల గోడ తన మీద పడిన వెలుగులో నూటికి 80 పాళ్లకు పైగా తిరిగి గదిలోకి పంపుతుంది. చార్‌కోల్ పంపేది పది కూడా ఉండదు. షేడ్ కార్డు వెనక ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటే అది ఇదే. నాలుగు గోడలూ సమానం అనుకుంటే, ఒక్క గోడ చార్‌కోల్ అయినప్పుడు సగటు 80 నుంచి 62కు దిగుతుంది. గదికి తేడా తెలుస్తుంది, ఇబ్బంది ఉండదు. నాలుగూ చేస్తే ఎనిమిదికి పడిపోతుంది. ఒక కిటికీ ఉన్న 12 బై 16 హాల్లో అది పగలు కూడా లైటు వేసుకుని కూర్చునే పని. మీ ఆయన చూసిన ఫోటోల్లో ఒక గోడంతా అద్దం ఉండి ఉంటుంది, బయట తోట ఉంటుంది. మన కిటికీ బయట పక్కింటి గోడ ఉంటుంది.

ఒక్క చివరి గోడ మాత్రం ముదురైతే, మిగతావి తెలుపే కాబట్టి గది మరీ చిన్నదైనట్టు ఉండదు. ఆ గోడ కాస్త దగ్గరికి వచ్చినట్టు అనిపించొచ్చు, అంతే. టీవీకైతే ఇంతకన్నా మంచి చోటు లేదు. ఆపేసిన టీవీ తెల్ల గోడ మీద నల్లటి రంధ్రంలా ఉంటుంది, చార్‌కోల్ గోడలో కలిసిపోతుంది. వైర్లు దాచే ప్లాస్టిక్ పట్టీ కూడా అదే రంగు కొట్టేస్తే కనిపించదు. స్విచ్ బోర్డు ప్లేట్లు మాత్రం ముందే గ్రేవి తెచ్చుకోండి. రంగంతా అయ్యాక తెల్ల ప్లేట్లు పెడితే ముఖం మీద ప్లాస్టర్ అంటించినట్టుంటుంది. సీలింగ్ తెలుపే, దానిలో మార్పు లేదు.

లైట్ల సంగతి ఎక్కువమంది మరిచిపోతారు. మన ఇళ్లలో ఉండేది 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైటు. దాని కింద చార్‌కోల్ చచ్చిన రంగులా, నీళ్లు పోసిన పొయ్యి బూడిదలా కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు చదువుకోవడానికి, ఇల్లు ఊడ్చడానికి ఉండనివ్వండి. టీవీ గోడ కోసం విడిగా 3000 కెల్విన్ పసుపు వెలుగు స్పాట్ లైట్లు రెండో మూడో, ఐదేడు వాట్లవి, సీలింగ్‌లో పెట్టించండి. గోడకు రెండున్నర, మూడు అడుగుల దూరంలో ఉండాలి. గోడకు అంగుళాల దూరంలో స్ట్రిప్ లైటు దాచి పెడితే ఫోటోకు బాగుంటుంది, కానీ అది పైన చెప్పిన ఫోన్ టార్చి పనే రోజూ రాత్రంతా చేస్తుంది. లప్పంలో మిగిలిపోయిన ప్రతి ఎగుడుదిగుడూ మీకు కనిపిస్తూనే ఉంటుంది.

దీన్ని కళ్లతో చూడాలంటే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఒక పొద్దున వెళ్లిరండి, మీకు ఎంతో దూరం లేదు. నల్లటి రాయి, లోపల సగం చీకటి, శివలింగం వెనక గోడ మీద పగలంతా కదలని నీడ. స్తంభాల మధ్య నుంచి పక్కలుగా వచ్చే వెలుగు చేసే పని అది. ముదురు గోడకు వెలుగు ఎంత అన్నదానికన్నా ఎటునుంచి అన్నది ముఖ్యమని నాకు అక్కడ కూర్చున్నప్పుడే బాగా తలకెక్కింది.

వేడి గురించి భయం అక్కర్లేదు. లోపలి గోడ రంగు వల్ల గది వేడెక్కడం అన్నది లెక్కలోకి రానంత తక్కువ. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీల్లో ఇంటిని కాల్చేది స్లాబ్, పడమటి బయటి గోడ. మీ టీవీ గోడ వెనక బెడ్‌రూం ఉంది కాబట్టి అది బయటి గోడ కూడా కాదు. బయటివైపు ముదురు రంగు వేస్తే మాత్రం గట్టి దెబ్బే, ఇప్పుడు ఎలివేషన్‌కు (ఇంటి ముందు ముఖానికి) చార్‌కోల్ కొట్టడం ఒక ఫ్యాషన్ అయింది. పడమటి ముఖం ఇళ్లవాళ్లకు నేను వద్దనే చెబుతాను. వేడి బాధ ఉంటే ఆ డబ్బు స్లాబ్ మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్‌కు పెట్టండి. 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం దీనికోసం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది.

దుమ్ము కనిపిస్తుంది. అబద్ధం చెప్పను. మనవి చల్కా నేలలు, ఎర్రటి సన్నటి దుమ్ము. నిలువు గోడ మీద తక్కువే ఆగుతుంది కానీ టీవీ పైన, షెల్ఫ్ అంచుల మీద, స్కర్టింగ్ మీద ఎర్రగా కూర్చుంటుంది. వారానికోసారి పొడిగుడ్డ. ఇంకొకటి ఎవరూ చెప్పరు, బల్లులు. వాటి రెట్టలో ఉండే తెలుపు ఈ గోడ మీద చుక్కల ముగ్గులా కనిపిస్తుంది. ఆరాక గోటితో కాకుండా పొడి బ్రష్‌తో తీయాలి. లైటు ఉన్న గోడకు పురుగులు, పురుగుల కోసం బల్లులు వస్తాయి, కాబట్టి రాత్రి అవసరం లేనప్పుడు ఆ స్పాట్ లైట్లు ఆపేయండి.

మీ అత్తమ్మగారి మాటకు వద్దాం. శాస్త్రం చెప్పేంతవాణ్ని కాను, పెయింటర్‌ని. కానీ ఆవిడ మాటలో పట్టించుకోవాల్సింది ఉంది. ఆ హాల్లో పగలంతా ఉండేది ఆవిడే. మీరిద్దరూ పనులకు వెళ్తే కిటికీ వెలుగులో బియ్యం ఏరుకునేది, పేపర్ చదువుకునేది ఆవిడ. నాలుగు గోడలూ నలుపైతే ఆ కళ్లకు కష్టం. ఒక్క గోడ అంటే ఎక్కువమంది పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. దేవుడి గది, దాని ఎదురు గోడ మాత్రం వాళ్లు చెప్పిన రంగే. దేవరకొండ దగ్గర ఒక పెద్దావిడ మమ్మల్ని గుమ్మంలోనే ఆపేసింది, నల్ల రంగు డబ్బా లోపలికి రానివ్వనని. ఆ రంగుకు నలుపునిచ్చేది మసేనమ్మా, ఆముదం దీపం మీద మీరు పట్టే కాటుక జాతిదే, ఇప్పుడు ఫ్యాక్టరీలో నూనె కాల్చి చేస్తారు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘అయితే ఇంటికి దిష్టిచుక్క పెడుతున్నవన్నట్టు’ అంది. పని మొదలుపెట్టనిచ్చింది. మీ ఇంట్లో ఇది పనిచేస్తుందని హామీ ఇవ్వలేను. అంతకన్నా మంచి దారి, ఆ గోడ మీద ఏం వేలాడదీయాలో ఆవిడనే అడగండి. పెట్టెలో పాత పోచంపల్లి చీరో, గద్వాల చీర జరీ అంచో ఉంటే ఫ్రేమ్ కట్టించి ఆ గోడకు పెట్టండి. తెల్ల గోడ మీద వెలవెలబోయే జరీ చార్‌కోల్ మీద దీపంలా ఉంటుంది. ఒకటే పెట్టండి, అరడజను క్యాలెండర్లు వద్దు.

తర్వాత నచ్చకపోతే? మార్చుకోవచ్చు. కానీ చార్‌కోల్ నుంచి తెలుపుకు రావాలంటే ఒక కోటు మంచి ప్రైమర్, దానిపైన మూడు కోట్లు లెక్కేసుకోండి, రెండు కోట్లకు లోపలి నలుపు తొంగిచూస్తూనే ఉంటుంది. నాలుగు గోడలకు వద్దనడానికి ఇదీ ఒక కారణమే.

గోడకు దెబ్బ తగిలినప్పుడు చిన్న బ్రష్‌తో అక్కడొక్కచోట అద్దకండి, మచ్చ ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. గీత చిన్నదైతే వదిలేయండి, పెద్దదైతే ఆ గోడ మూల నుంచి మూలకు ఒక కోటు. అందుకే మిగిలిన రంగును గాలి చొరని చిన్న డబ్బాలోకి మార్చి, కోడ్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. సోఫాలు, షెల్ఫులు గోడకు ఆనించడానికి రెండు మూడు వారాలు ఆగండి, ముదురు రంగు పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి సమయం తీసుకుంటుంది.

ఇప్పటికైతే డబ్బా కొనకండి. రేపు పొద్దున పాలిథిన్ ముక్కలు అతికించండి, టీవీ గోడకు రెండు, వీలుంటే దక్షిణం గోడకు కూడా ఒకటి. ఎల్లుండి తర్వాతి రోజు తీసి, తడి ఏ వైపు ఉందో చూసి ఇక్కడే రాయండి. లప్పం ఎప్పుడు మొదలుపెట్టాలో అప్పుడు చెబుతాను.